నర్సింగ్ డాక్టరేట్లలో, పెద్ద కుర్చీల్లో వైవిధ్యం: గండి ఎక్కడ పడుతోంది, ఎలా పూడ్చాలి? (అమెరికా)

పరిశోధిని_అట్లాంటా
అందరికీ నమస్కారం. అమెరికాలో పీహెచ్‌డీ, డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్) చేసిన నర్సుల్లో, నర్సింగ్ డీన్లలో, ఆస్పత్రుల చీఫ్ నర్సింగ్ ఆఫీసర్లలో నల్లజాతివాళ్ళు, హిస్పానిక్‌లు, ఆసియావాళ్ళు, అక్కడి ఆదివాసులు, మగ నర్సులు ఎందుకు ఇంత తక్కువ? వాళ్ళ సంఖ్య పెరగాలంటే ఏం చేయాలి? ఈ చర్చ దీనికే పరిమితం చేద్దాం.

2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నర్సింగ్ భవిష్యత్తు మీద ఒక నివేదిక ఇచ్చింది. 2020 నాటికి నర్సుల్లో 80 శాతం మంది బీఎస్‌ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ) చదివినవాళ్ళే ఉండాలి, డాక్టరేట్ ఉన్నవాళ్ళు రెట్టింపు కావాలి అని అందులో లక్ష్యాలు పెట్టుకున్నారు. మొదటిది అందలేదు. రెండోది గడువుకు ముందే అందింది. అయినా పైకి వెళ్ళేకొద్దీ కనిపించే మొహాలు పెద్దగా మారలేదు. 2022 జాతీయ సర్వేలో ఆర్‌ఎన్‌లలోనే (లైసెన్సున్న రిజిస్టర్డ్ నర్సుల్లోనే) సుమారు 80 శాతం తెల్లజాతివాళ్ళు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గండి సీటు ఇచ్చే దగ్గర పడట్లేదు. కోర్సువర్క్ (పీహెచ్‌డీలో క్లాసుల దశ) అయిపోయిన దగ్గర ఒకటి, ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళలో ఇంకొకటి పడుతోంది. కళాశాలలు మాత్రం డబ్బూ శ్రమా అంతా బ్రోచర్ల మీద, రిక్రూట్‌మెంట్ సభల మీద పెడుతున్నాయి. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో చెప్పండి. రాసేది మాత్రం రేపు ఒక కళాశాలో ఆస్పత్రో ఆచరణలో పెట్టగలిగేదై ఉండాలి.

డీన్‌ఆఫీసు_ఓహాయో
ముందు పీహెచ్‌డీనీ డీఎన్‌పీనీ విడదీసి మాట్లాడుకోవాలి. అవి కలిపేస్తే లెక్క మొత్తం మసకబారుతుంది.

డీఎన్‌పీ వైద్యసేవ వైపు డిగ్రీ. 2004లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ దీన్ని నర్స్ ప్రాక్టీషనర్లకు ప్రవేశ డిగ్రీ చేయాలని తీర్మానించింది. బీఎస్‌ఎన్ తర్వాత కనీసం 1,000 గంటల ప్రాక్టీస్, చివర్లో ఒక ప్రాజెక్టు. పీహెచ్‌డీ పరిశోధన డిగ్రీ. సిద్ధాంత వ్యాసం రాయాలి, నాలుగైదేళ్ళు పడుతుంది. ఇవాళ డీఎన్‌పీలో చదువుతున్నవాళ్ళు సుమారు 40,000 మంది. పీహెచ్‌డీలో 4,000 చుట్టూ ఉన్నారు, అదీ తగ్గుతోంది.

2010 తర్వాత రెట్టింపైంది ప్రధానంగా డీఎన్‌పీలే. పరిశోధన విశ్వవిద్యాలయాల్లో టెన్యూర్ (శాశ్వత అధ్యాపక పదవి) దారి, ఎన్‌ఐహెచ్ (ఫెడరల్ ఆరోగ్య పరిశోధన సంస్థ) గ్రాంట్లు, గ్రాంట్లు పరిశీలించే ప్యానెళ్ళు, చాలా చోట్ల డీన్ పదవి పీహెచ్‌డీ వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. డీఎన్‌పీ వాళ్ళను ఎక్కువగా క్లినికల్ ట్రాక్‌లో, అంటే వైద్యసేవ నేర్పే పోస్టుల్లో, వేస్తారు. "మా డాక్టరేట్ విద్యార్థుల్లో వైవిధ్యం పెరిగింది" అని ఎవరైనా అంటే, పెరిగింది ఏ డిగ్రీలో అని అడగండి.

హన్మకొండ_ఎమ్మెస్సీ
మేడమ్, నేను ఇక్కడ ఎమ్మెస్సీ నర్సింగ్ చేసిన. అమెరికాల పీహెచ్‌డీకి పోవాలంటే మాలాంటోళ్ళకు ఆ వైవిధ్యం ఫెలోషిప్‌లు వస్తయా? మా సీనియర్లు తలా ఒక తీరు చెప్తున్నరు.

వీసా_గోదారి
చెల్లెమ్మా, సూటిగా చెప్తాను. అమెరికా ప్రభుత్వ డబ్బుతో నడిచే ఫెలోషిప్‌లలో ఎక్కువ భాగం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్ళకి దారి వేరు: డిపార్ట్‌మెంట్ ఇచ్చే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, ట్యూషన్ మాఫీ, లేదా గైడ్ గ్రాంటు లోంచి జీతం. కాబట్టి నువ్వు వెతకాల్సింది ఫెలోషిప్ కాదు, నడుస్తున్న గ్రాంటు ఉన్న గైడ్‌ని.

భర్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, హెచ్‌-4 డిపెండెంట్ వీసాతో వచ్చిన నర్సులు మనవాళ్ళలో చాలామంది. హెచ్‌-4 మీద చదువుకోవచ్చు, ఫుల్‌టైమ్ కూడా. కానీ పని అనుమతి పత్రం లేకుండా అసిస్టెంట్‌షిప్ జీతం తీసుకోకూడదు. దాంతో సీటు వచ్చినా డబ్బు రాదు. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసాకి మార్చుకుంటే క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చేయొచ్చు. ఈ మార్పుకి నెలలు పడుతుంది కాబట్టి ఆఫర్ లెటర్ చేతికందిన వెంటనే మొదలుపెట్టాలి. క్లాసులు మొదలయ్యాక మొదలుపెడితే మొదటి సెమిస్టర్ అసిస్టెంట్‌షిప్ పోయినట్టే.

ఇంకొకటి. చాలా నర్సింగ్ పీహెచ్‌డీలు అమెరికా ఆర్‌ఎన్ లైసెన్సు అడుగుతాయి, అంటే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ట్రాన్‌స్క్రిప్ట్‌ల మూల్యాంకనంలో ఎక్కువ ఆలస్యమయ్యేది మన వైపే. సబ్జెక్టు వారీగా థియరీ గంటలు, క్లినికల్ గంటలు విడివిడిగా చూపించే పత్రం కాలేజీ నుంచి సీలు చేసిన కవరులో నేరుగా వెళ్ళాలి. మార్కుల మెమోలో ఆ గంటలు ఉండవు. ఇప్పుడే కాలేజీ ఆఫీసులో దరఖాస్తు పెట్టు.

గ్రాంట్లక్క
గ్రీన్‌కార్డు మీద, ఈబీ-3 అనే ఉద్యోగ కేటగిరీలో నర్సుగా వచ్చినవాళ్ళకి ఒక మాట. ప్రభుత్వ ఫెలోషిప్‌లకు మీకు అర్హత ఉంది. ఆ సంగతి తెలియక పదేళ్ళు గడిపేసినవాళ్ళు ఎంతోమంది.

ఎఫ్‌31 అనేది ఎన్‌ఐహెచ్ పీహెచ్‌డీ విద్యార్థికి నేరుగా ఇచ్చే ఫెలోషిప్. ఏటా ఏప్రిల్ 8, ఆగస్టు 8, డిసెంబరు 8 గడువులు. లక్ష్యాల పేజీ ఒకటి, పరిశోధన వ్యూహం 6 పేజీలు, సిఫార్సు లేఖలు 3 నుంచి 5. వైవిధ్యం కోసం విడిగా ఉన్న ఎఫ్‌31 ప్రకటనను 2025లో తీసేశారు. మామూలు ఎఫ్‌31 ఉంది. పాత వెబ్‌పేజీలు చూసి లేనిదానికి నెలల తరబడి తయారవకండి.

పరిశీలన పద్ధతి కూడా 2025 జనవరి 25 నుంచి మారింది. అభ్యర్థి మార్కులు ఇప్పుడు ఫారంలో అడగరు. అభ్యర్థి సామర్థ్యం, శాస్త్రీయ విషయం, శిక్షణ ప్రణాళిక, ఈ మూడింటి మీదే స్కోరు. డిగ్రీలో మార్కులు తక్కువొచ్చి, ఆ తర్వాత ఐసీయూలో పదేళ్ళు పనిచేసిన నర్సుకి ఇది మంచి మార్పు.

ఆ ఒక్క లక్ష్యాల పేజీ దగ్గరే అందరూ తడబడతారు. మొదటి పేరాలో సమస్య తీవ్రత చెప్తారు, బాగానే ఉంటుంది. రెండో పేరాలో "ఇంతవరకు ఎవరికీ తెలియనిది ఏమిటి" అన్నది ఒక్క వాక్యంలో రావాలి. అక్కడ మూడు వాక్యాలు రాస్తే, ప్రశ్న ఇంకా మీకే తేలలేదని పరిశీలకుడికి అర్థమైపోతుంది. తర్వాత రెండు లక్ష్యాలు, మూడైతే కచ్చితంగా ఎక్కువ. రెండో లక్ష్యం మొదటిదాని ఫలితం మీద ఆధారపడకూడదు. మొదటిది విఫలమైతే రెండోదీ కూలుతుంది, పరిశీలకులు ముందు వెతికేది ఆ లోపమే. శిక్షణ ప్రణాళికలో మీకు రానిదేదో ధైర్యంగా రాయండి. ఉదాహరణకి "లాంగిట్యూడినల్ డేటా విశ్లేషణ రాదు, ఫలానా కోర్సు, ఫలానా ప్రొఫెసర్ దగ్గర నెలకు రెండు సార్లు" అని. అన్నీ వచ్చని రాస్తే, మరి శిక్షణకి డబ్బెందుకు అంటారు.

లెక్కలమాస్టారు
డీన్‌ఆఫీసు గారు చెప్పింది నిజం, ఇంకాస్త లోపలికి వెళ్దాం. "ఏషియన్" అన్న ఒక్క గడిలో ఫిలిప్పీన్స్, చైనా, కొరియా, ఇండియా నర్సులందరినీ పోసేస్తారు. బెడ్‌సైడ్‌లో (పేషెంట్ల దగ్గర పనిచేసేవాళ్ళలో) ఆసియావాళ్ళు బాగానే ఉన్నట్టు, ఏ లోటూ లేనట్టు కనిపిస్తుంది. మేనేజర్ స్థాయి దాటాక వాళ్ళలో ఎవరు మిగిలారో ఆ గడి చెప్పదు.

2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం జాతి వివరాలు సేకరించే ప్రమాణం మార్చింది. జాతి, హిస్పానిక్ మూలం ఒకే ప్రశ్నలోకి వచ్చాయి, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకి విడి గడి వచ్చింది. వివరమైన ఫారంలో "ఏషియన్ ఇండియన్" విడిగా టిక్ చేయొచ్చు. మీ కళాశాల, ఆస్పత్రి హెచ్‌ఆర్ ఆ వివరమైన ఫారం వాడుతున్నాయా అని అడగండి.

పీహెచ్‌డీ విభాగానికి నేను సూచించే పట్టిక ఇది: దరఖాస్తు, ఇంటర్వ్యూ, సీటు, చేరిక, కాంప్రిహెన్సివ్ పరీక్ష (కోర్సువర్క్ చివర పెట్టేది), పరిశోధన ప్రపోజల్ ఆమోదం, డిఫెన్స్ (సిద్ధాంత వ్యాసాన్ని కమిటీ ముందు సమర్థించుకోవడం), మొదటి ఉద్యోగం. ఎనిమిది నిలువు గళ్ళు. అడ్డంగా వర్గాలు. ఏడాదికి ఎనిమిది మంది చేరే చోట ఒక్క ఏడాది చూస్తే ఏమీ తెలియదు, ఒకరిద్దరిని గుర్తుపట్టే ప్రమాదం కూడా ఉంది. అయిదేళ్ళు కలపండి, అయిదుగురికన్నా తక్కువ ఉన్న గడి బయటపెట్టొద్దు. ఇలా వేసిన పట్టికలో పెద్ద పతనం ఏ రెండు గళ్ళ మధ్య ఉందో దాన్నిబట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించాలి.

డీన్‌ఆఫీసు_ఓహాయో
మాస్టారి పట్టికకు నా పూర్తి మద్దతు. అయినా అడ్మిషన్ సంగతి వదిలేయలేం, అక్కడ నియమాలే మారిపోయాయి.

2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల అడ్మిషన్ల కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోవడం కుదరదు. అయితే అభ్యర్థి తన జీవితం మీద జాతి చూపిన ప్రభావం గురించి రాస్తే, దాన్ని ఆ మనిషి పట్టుదలకో సామర్థ్యానికో ముడిపెట్టి చూడొచ్చని ప్రధాన న్యాయమూర్తి తీర్పులోనే రాశారు. వైవిధ్య కార్యక్రమాలకు వ్యతిరేకంగా 2025 జనవరిలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వుల తర్వాత ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలు ఇంకా జాగ్రత్తపడుతున్నాయి. కొన్ని కళాశాలలు భయపడి, చట్టం వద్దనని పనులు కూడా ఆపేశాయి. అందరికీ ఒకేలా వర్తించే మంచి ప్రక్రియను ఏ తీర్పూ ఆపలేదు.

స్కోరు పత్రం ఇలా ఉండొచ్చు. మొత్తం 100. పరిశోధన ప్రశ్న స్పష్టతకు 25. ఆ ప్రశ్నకు మా దగ్గర గైడ్ ఉన్నారా అన్నదానికి 20. బాధ్యతలు మోస్తూ పని పూర్తిచేసిన రుజువుకి 20. క్లినికల్ అనుభవం లోతుకి 15. రాత 10, మార్కుల సగటు 10. ఇద్దరు చదవాలి, ఒకరి స్కోరు ఒకరికి తెలియకుండా ముందే నమోదు చేయాలి. 15 పాయింట్ల తేడా దాటితే మూడో మనిషి చదవాలి.

ఇది చెడిపోయేది చివరి గదిలో. స్కోర్లన్నీ వచ్చాక కమిటీ కూర్చుని "ఈ అమ్మాయి మనలో కలుస్తుందా" అని మొదలుపెడుతుంది. ఆ మాట అన్నవాళ్ళని పత్రంలో ఏ వరుస గురించి మాట్లాడుతున్నారో చూపించమనాలి. వరుస చూపించలేకపోతే ఆ అభిప్రాయం నమోదు కాకూడదు. ఈ ఒక్క నియమం అధ్యాపకుల నియామక కమిటీలకూ అంతే అవసరం.

బెడ్‌సైడ్_డాలస్
మీరంతా కళాశాలల గురించి మాట్లాడుతున్నారు. ఆస్పత్రుల వైపు రండి.

చార్జ్ నర్స్ (షిఫ్టు బాధ్యత చూసే నర్సు), నర్స్ మేనేజర్, డైరెక్టర్, చీఫ్ నర్సింగ్ ఆఫీసర్: ఇదీ నిచ్చెన. ఆస్పత్రికి మ్యాగ్నెట్ అనే నర్సింగ్ నాణ్యత గుర్తింపు కావాలంటే మేనేజర్లందరికీ నర్సింగ్‌లో బ్యాచిలర్స్ లేదా ఆపై డిగ్రీ ఉండాలి, చీఫ్‌కి కనీసం మాస్టర్స్ ఉండాలి. మన నర్సుల్లో చాలామందికి చదువు ఉంది. అడ్డుపడేవి వేరే.

ఒకటి, రాత్రి డ్యూటీ. షేర్డ్ గవర్నెన్స్ (నర్సులు కూడా కలిసి నిర్ణయాలు తీసుకునే) మీటింగులు మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పెడతారు. పొద్దున ఏడున్నరకి డ్యూటీ దిగిన మనిషి నిద్ర మానుకుని రావాలి. రారు. ఏడాది తర్వాత "నాయకత్వంలో ఆసక్తి చూపలేదు" అని మూల్యాంకనంలో పడుతుంది. నెల విడిచి నెల మీటింగు పొద్దున ఏడుంపావుకి పెట్టి, వచ్చిన గంటకి జీతం ఇస్తే ఈ అడ్డంకి సగం పోతుంది.

రెండు, తాత్కాలిక పదవులు. మేనేజర్ సెలవు మీద వెళ్తే "యాక్టింగ్"గా ఎవరినో నోటిమాటగా కూర్చోబెడతారు. ఆరు నెలల తర్వాత అసలు పోస్టు పడినప్పుడు అనుభవం ఉన్నది ఆ ఒక్కరికే. 30 రోజులు దాటే ఏ తాత్కాలిక బాధ్యతనైనా యూనిట్ అందరికీ ప్రకటించి ఇవ్వాలి. ఖర్చు లేని మార్పు ఇది, అన్నిటికన్నా బలమైనది కూడా.

మూడు, బడ్జెట్. ఇంటర్వ్యూలో మనవాళ్ళు ఆగిపోయేది ఇక్కడే, ఎవరూ నేర్పకపోవడం వల్ల. ఒక్కసారి చూడండి. 24 పడకల యూనిట్, సగటున 20 మంది పేషెంట్లు, ఒక్కో పేషెంటుకు రోజుకు 9 నర్సింగ్ గంటలు అనుకుందాం. రోజుకు 180 గంటలు, ఏడాదికి 65,700. ఒక ఫుల్‌టైమ్ పోస్టు అంటే 2,080 గంటలు కాబట్టి 31.6 పోస్టులు. సెలవులకు, శిక్షణకు 12 శాతం కలిపితే 35 పైన. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాళ్ళు 0.9 పోస్టు కిందే లెక్క, అంటే దాదాపు 39 మంది మనుషులు కావాలి. ఈ లెక్క చార్జ్ నర్సుతో నెలకోసారి మేనేజర్ పక్కన కూర్చోబెట్టుకుని చేయిస్తే ఆరు నెలల్లో వచ్చేస్తుంది. ఇక "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని మూల్యాంకనంలో రాస్తే, ఏ రోజు, ఏ సందర్భంలో, ఏం అర్థం కాలేదో రాయమనండి. ఉదాహరణ లేకపోతే వాళ్ళు మాట్లాడుతున్నది యాస గురించి. దాన్ని లోపంగా రికార్డులో ఉండనివ్వకూడదు.

నెల్లూరు_బ్రదర్
మొదటి పోస్టు తర్వాత మగ నర్సుల సంగతి ఎవరూ ఎత్తలేదు, రెండు ముక్కలు. మిసిసిపీలో ప్రభుత్వ మహిళా విశ్వవిద్యాలయం ఒక మగ అభ్యర్థికి నర్సింగ్‌లో సీటు నిరాకరిస్తే, 1982లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. తీర్పు రాసింది జస్టిస్ శాండ్రా డే ఓకానర్. ఇప్పుడు 2022 సర్వే ప్రకారం ఆర్‌ఎన్‌లలో మగవాళ్ళు 11 శాతం దాకా వచ్చారు. కాబట్టి నాయకత్వ లెక్కల్లో మగవాళ్ళని కూడా చేర్చాలి.

లెక్కలమాస్టారు
బ్రదర్ గారూ, చేర్చాలి, కానీ విడిగా కాదు, జాతితో కలిపి చేర్చాలి. 1992లో క్రిస్టీన్ విలియమ్స్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆడవాళ్ళు ఎక్కువున్న వృత్తుల్లో మగవాళ్ళు త్వరగా పైకి వెళ్తారని చూపించి, దానికి గాజు ఎస్కలేటర్ అని పేరు పెట్టారు. 2009లో ఏడియా హార్వీ వింగ్‌ఫీల్డ్ నల్లజాతి మగ నర్సులను అధ్యయనం చేస్తే, వాళ్ళకి ఆ ఎస్కలేటర్ దొరకట్లేదని తేలింది. డైరెక్టర్లలో మగవాళ్ళు 20 శాతమైతే అందరూ సంతోషిస్తారు. వాళ్ళంతా ఒకే జాతివాళ్ళైతే వైవిధ్యం పెరిగినట్టు కాదు.

పరిశోధిని_అట్లాంటా
ఇక మొదటి మూడేళ్ళ గండి. కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 45 గంటలు అనుకుందాం. కాగితం మీద బోధన 40 శాతం అంటే 18 గంటలు, పరిశోధన 18, సేవ 9.

ఆమె విభాగంలో ఏకైక ఆసియా లేదా ఏకైక నల్లజాతి అధ్యాపకురాలైతే ఏమవుతుందో చూడండి. నియామక కమిటీకి "వైవిధ్యం కావాలి" అని వేస్తారు, సీజన్‌లో వారానికి 3 గంటలు. డైవర్సిటీ కమిటీ 2. అడ్మిషన్ ఇంటర్వ్యూలు 2. తనకు కేటాయించకపోయినా తలుపు తట్టే విద్యార్థులు ఎనిమిది మంది, అరగంట చొప్పున 4. ప్యానెల్ చర్చలు, ఫొటో సెషన్లు గంటన్నర. మొత్తం పన్నెండున్నర. ఎక్కువైన మూడున్నర గంటలూ పరిశోధన లోంచే వస్తాయి, ఎందుకంటే క్లాసు ఎగ్గొట్టలేరు. ఏడాదిలో 30 పని వారాలకి 105 గంటలు. ఒక గ్రాంటు దరఖాస్తు రాసే సమయం అది. ఆరో ఏట టెన్యూర్ కమిటీ "గ్రాంట్లు లేవు" అని రాస్తుంది. ఆ కమిటీలో ఉన్నవాళ్ళలో కొందరు ఆమెను ఆ కమిటీల్లో వేసినవాళ్ళే.

చేయాల్సినవి: మొదటి మూడేళ్ళు ఒక్కటే కమిటీ అని నియామక పత్రంలోనే రాయించుకోవాలి. కేటాయించని విద్యార్థుల మార్గదర్శకత్వాన్ని పనిభారం లెక్కలో వేయాలి, ఆరుగురికి ఒక కోర్సు తగ్గించాలి. ఎన్‌ఐహెచ్ కే23 లాంటి కెరీర్ అవార్డులు 75 శాతం సమయం పరిశోధనకే ఉంచమంటాయి. ఆ నియమాన్ని డీన్ సంతకంతో ముందే ఒప్పుకోవాలి. అవార్డు వచ్చాక బేరమాడితే కుదరదు.

చరిత్రపేజీ
ఒక చిన్న వరుస. మేరీ ఎలీజా మహోనీ 1879లో శిక్షణ పూర్తిచేసిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ నర్సు. ఎస్టెల్ మాసీ ఆస్‌బోర్న్ 1931లో మాస్టర్స్ పొందిన తొలి నల్లజాతి నర్సు. ఎలిజబెత్ లిప్‌ఫర్డ్ కెంట్ 1955లో మిచిగన్‌లో పీహెచ్‌డీ. మొదటి శిక్షణకీ మొదటి పీహెచ్‌డీకీ మధ్య 76 ఏళ్ళు.

తర్వాత వేగం పెరగడానికి కారణం సంఘాలు, డబ్బు. 1971లో నేషనల్ బ్లాక్ నర్సెస్ అసోసియేషన్, 1975లో హిస్పానిక్ నర్సుల సంఘం వచ్చాయి. 1974లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ డబ్బుతో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్‌లో మైనారిటీ ఫెలోషిప్ మొదలైంది. పీహెచ్‌డీ చేసేవాళ్ళకి జీతంతో పాటు ముందు బ్యాచ్‌ల ఫెలోలతో పరిచయం కూడా దొరికేది. అమెరికాలోని ఇండియన్ నర్సులకు నైనా అనే జాతీయ సంఘం 2006 నుంచి ఉంది.

గ్రాంట్లక్క
కోర్సువర్క్ తర్వాత పడే గండికి మూలం ఇల్లు గడవడమే. 2024లో ఆర్‌ఎన్ మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు. అదే ఏడాది ఎన్‌ఐహెచ్ పీహెచ్‌డీ స్టైపెండ్ 28,224. ఇంటికి డబ్బు పంపాల్సిన నర్సు, ఇద్దరు పిల్లలున్న నర్సు ఆ తేడా భరించలేదు. వారానికి 36 గంటలు డ్యూటీ చేస్తూ సిద్ధాంత వ్యాసం రాద్దామనుకుంటుంది, మూడో ఏట ఆగిపోతుంది. తెలివి తక్కువై కాదు.

నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రామ్ గురించి తెలుసుకోండి. చదువయ్యాక నర్సింగ్ కళాశాలలో ఫుల్‌టైమ్ అధ్యాపకురాలిగా నాలుగేళ్ళు చేస్తే అప్పులో 85 శాతం దాకా రద్దవుతుంది. మొదటి మూడేళ్ళు 20 శాతం చొప్పున, నాలుగో ఏడు 25. మీ కళాశాల అందులో ఉందా అని చేరకముందే అడగాలి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ విద్యా రుణం ఉండదు. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్ల పరిమితి. "ప్రొఫెషనల్" డిగ్రీలకు పరిమితి ఎక్కువ, కానీ 2025 చివర్లో విద్యాశాఖ ముందుకు తెచ్చిన నిర్వచనంలో నర్సింగ్ లేదు. ఇది ఎక్కువగా దెబ్బతీసేది వెనక ఆస్తి లేనివాళ్ళనే. సంఘాలు గట్టిగా మాట్లాడాల్సింది దీని మీద.

కళాశాల చేయగలిగినవీ ఉన్నాయి. అధ్యాయం ఇచ్చిన 14 రోజుల్లో కమిటీ అభిప్రాయం చెప్పాలని రాతపూర్వక నియమం పెట్టాలి. లావు సిద్ధాంత గ్రంథం బదులు మూడు పరిశోధన పత్రాల పద్ధతి అనుమతించాలి. అందరికీ అందుబాటులో ఉన్న జాతీయ డేటాతో పరిశోధన చేయనిస్తే డేటా సేకరణకు పట్టే ఏడాది మిగులుతుంది. కొందరు ప్రొఫెసర్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. అది తప్పు.

విజయవాడ_ట్యూటర్
మన వైపు కూడా ఇదే గండి, చోటు వేరు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బెంగళూరు రాజీవ్‌గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి 2005లో పీహెచ్‌డీ జాతీయ కన్సార్టియం పెట్టింది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6, అసిస్టెంట్ 4కి మించి గైడ్ చేయకూడదు. పీహెచ్‌డీ ఉన్న గైడ్లే తక్కువైనప్పుడు సీట్లూ తక్కువే. యూజీసీ నెట్ సబ్జెక్టుల్లో నర్సింగ్ లేదు కాబట్టి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) దారి మనకి దాదాపు మూసుకున్నట్టే.

హన్మకొండ చెల్లికి ఒక సూచన. ఎస్సీ అభ్యర్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి నెట్ అక్కర్లేదు. 35 ఏళ్ళలోపు వయసు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, 60 శాతం మార్కులు ఉండాలి. మొత్తం 125 స్లాట్లు, 30 శాతం మహిళలకు. అర్హత ఉంటే ఆ డబ్బుతో వెళ్ళే విద్యార్థిని ఏ గైడ్ అయినా సులువుగా తీసుకుంటారు.

హన్మకొండ_ఎమ్మెస్సీ
మస్తు సంగతులు చెప్పిన్రు, అందరికీ థ్యాంక్స్. గైడ్‌కు మొదటి మెయిల్‌ల ఏం రాయాలె? ఎంతమందికి పంపినా జవాబు రాదంటున్నరు.

గ్రాంట్లక్క
ఒకే మెయిల్ నలభై మందికి పంపితే రాదు తల్లీ. ఆరుగురిని ఎంచుకో. ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే సైట్‌లో వాళ్ళ పేరు కొట్టి, ఇంకా రెండేళ్ళకు పైగా మిగిలిన గ్రాంటు ఉందో లేదో చూడు. గ్రాంటు లేనివాళ్ళు మంచివాళ్ళైనా నీకు జీతం ఇవ్వలేరు.

మెయిల్ పది లైన్లు దాటొద్దు. సబ్జెక్టు లైన్‌లో నీ పరిశోధన అంశం, చేరాలనుకున్న సంవత్సరం. మొదటి రెండు లైన్లు నువ్వెవరో, ఏ వార్డులో ఎన్నేళ్ళు. తర్వాతి మూడు లైన్లు వాళ్ళ ఫలానా పత్రం చదివాక నీకు వచ్చిన ప్రశ్న, అది నీ వార్డులో ఎలా కనిపిస్తుందో. ఇది నువ్వే రాయాలి, ఎవరి దగ్గరా కాపీ కొట్టకు. తర్వాత ఎమ్మెస్సీ థీసిస్‌లో ఏ పద్ధతి, ఎంతమంది శాంపిల్. చివర ఒక్కటే ప్రశ్న: వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా? రెజ్యూమే రెండు పేజీలు జతచెయ్. ఎన్‌క్లెక్స్ ఎక్కడిదాకా వచ్చిందో అందులో రాయి.

దరఖాస్తుల గడువులు చాలా చోట్ల డిసెంబరు, జనవరిలో ఉంటాయి. మెయిల్ ఆగస్టులో వెళ్ళాలి. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు లైన్లు రాసి మళ్ళీ ఒక్కసారి పంపు. ఆ పత్రం చదివాక వచ్చిన ప్రశ్న లైన్లు ఇక్కడ పెట్టు, పంపే ముందు చూస్తాం.